రిజిస్టరులో ఉన్నారు, మందిరంలో లేరు



ప్రతి సంవత్సరం చివర నేను చేసే పని ఒకటుంది. సంఘ రిజిస్టరు తీసి, బాప్తిస్మము పొందినవారు ఎంతమంది, ప్రభువు బల్లలో పాలుపొందేవారు ఎంతమంది అని లెక్క కట్టి పైకి పంపుతాను. ఆ కాగితం మీద చూస్తే మన సంఘం చాలా బాగుంటుంది. లెక్క ఏటా పెరుగుతూనే ఉంటుంది. ఎందుకంటే కొత్త పేర్లు రాస్తాం గాని, ఊరు విడిచి వెళ్లినవాళ్ల పేర్లు కొట్టివేయం. ఆదివారం ఉదయం మందిరంలో చాపలు పరిచాక కనబడే లెక్క మాత్రం వేరు. అది ఎవరూ నన్ను అడగరు, నేనూ ఎవరికీ చెప్పను.

ఈ రెండు లెక్కల మధ్య ఉన్న తేడా కొంతకాలంగా నా మనసులో మెదులుతోంది. దీనికి తోడు, డిగ్రీలో సోషియాలజీ తీసుకున్న మన యౌవనస్థురాలు ఒకామె మొన్న వచ్చి, “అయ్యగారూ, మతం అనేది మనుషులు కలిసి కల్పించుకున్నదేనని మా పుస్తకంలో ఉంది. ఈ సబ్జెక్టు చదవాలా, మానాలా?” అని అడిగింది. అప్పుడు సరిగా జవాబు చెప్పలేకపోయాను. ఆ తరువాత చదువుతుంటే ఫ్రాన్సు దేశపు కేథలిక్ సంఘ చరిత్రలో ఒక భాగం దొరికింది. అందులో ఆమె ప్రశ్నకూ జవాబుంది, నా రిజిస్టరుకూ జవాబుంది. మనకూ కేథలిక్కులకూ సిద్ధాంతంలో తేడాలు ఉన్న మాట నిజమే. అయినా తప్పిపోయిన గొఱ్ఱె కోసం కాపరి పడే బాధ అన్ని సంఘాల్లోనూ ఒకటే.

దేవుణ్ణి పక్కన పెట్టాలని పుట్టిన శాస్త్రం

సమాజశాస్త్రానికి ఆ పేరు పెట్టినవాడు ఆగస్ట్ కామ్టే. 1798లో ఫ్రాన్సులోని మోంపెలియే పట్టణంలో ఒక కేథలిక్ కుటుంబంలో పుట్టి, చిన్నతనంలోనే విశ్వాసం విడిచాడు. 1839లో అచ్చయిన తన గ్రంథభాగంలో ‘సోషియాలజీ’ అనే మాట వాడాడు. మానవజాతి ఆలోచన మూడు మెట్లు ఎక్కుతుందని ఆయన బోధ. మొదట దేవుళ్లతో లోకాన్ని వివరిస్తారు, తరువాత తత్వంతో, చివరకు శాస్త్రంతో. మూడో మెట్టు ఎక్కినవాడికి దేవునితో పని ఉండదని దాని అర్థం.

విచిత్రమేమిటంటే, దేవుణ్ణి తీసివేసిన తరువాత కామ్టేకు గుడి లేని లోకం నచ్చలేదు. మానవజాతినే పూజించే కొత్త మతం ఒకటి స్థాపించాడు. దానికి పండుగలు పెట్టాడు, యాజకులను పెట్టాడు, పదమూడు నెలల పంచాంగం కూడా రాశాడు. ఒక నెలకు మోషే పేరు, ఇంకొక నెలకు అపొస్తలుడైన పౌలు పేరు పెట్టాడు. ఆ పదమూడు నెలల పేర్లలో యేసు పేరు మాత్రం లేదు.

ఆయన తరువాత వచ్చిన ఎమిల్ డర్క్‌హైమ్ యూదుల రబ్బీ కొడుకు. 1912లో రాసిన గ్రంథంలో, మనుషులు దేవుడని మొక్కేది నిజానికి తమను కలిపి ఉంచే సమాజశక్తికే అని వాదించాడు. మన యౌవనస్థురాలి పుస్తకంలో ఉన్న మాట అక్కడి నుండి వచ్చినదే. ఇదే డర్క్‌హైమ్ 1897లో ఆత్మహత్యల మీద ఒక పుస్తకం రాశాడు. ప్రొటెస్టెంటు ప్రాంతాల్లో కంటే కేథలిక్ ప్రాంతాల్లో ఆత్మహత్యలు తక్కువని, సిద్ధాంతంలోని తేడా కంటే మనుషులు ఒకరినొకరు ఎంత గట్టిగా పట్టుకుని ఉన్నారన్నదే దానికి కారణమని చెప్పాడు. ఆయన లెక్కల మీద తరువాతి పండితులు చాలా అభ్యంతరాలు చెప్పారు. అయినా, పక్కవాడు లోపల కుమిలిపోతున్న సంగతి సంఘానికి తెలుస్తోందా అన్న ప్రశ్న మనకు అక్కరకు వచ్చేదే.

ఇటువంటి బోధలు వింటే కేథలిక్ గురువులు ఈ శాస్త్రాన్ని శత్రువుగా చూడడంలో ఆశ్చర్యం లేదు. బెల్జియంలో లూవేన్ విశ్వవిద్యాలయంలో బోధించిన సిమోన్ దెప్లువాజ్ అనే గురువు, డర్క్‌హైమ్ వాదాన్ని ఖండిస్తూ 1911లో ఒక పుస్తకమే వేశాడు. ఫ్రాన్సులో 1905 నాటి చట్టం ప్రభుత్వానికీ సంఘానికీ ఉన్న సంబంధం తెంచివేసి, గురువులకు ఖజానా నుండి వచ్చే జీతాలు ఆపేసింది. గాయం పచ్చిగా ఉన్న రోజులవి.

అయితే అందరూ తలుపులు మూసుకుని కూర్చోలేదు. ఫ్రెడరిక్ లె ప్లే అనే గనుల ఇంజనీరు అంతకు చాలా ముందే యూరప్ అంతా తిరిగి, కూలి కుటుంబాల ఇళ్లలో కూర్చుని, ఏమి సంపాదిస్తున్నారు, రొట్టెకు ఎంత, బట్టకు ఎంత, అప్పు ఎంత అని ఇంటింటి లెక్క రాశాడు. 1855లో అచ్చయిన ఆయన పుస్తకంలో అలాంటి 36 కుటుంబాల జీవితాలున్నాయి. 1891లో పోపు పదమూడవ లియో గారు కార్మికుల స్థితిని గురించి సంఘానికి రాసిన ప్రసిద్ధ లేఖలో, పనివాడు బ్రతకగలిగేంత కూలి ఇవ్వడం న్యాయమని గట్టిగా చెప్పారు. పేదవాడి ఇంటి లెక్క దేవుని పనికి సంబంధించినదేనని ఈ విధంగా కొందరు గ్రహించారు.

ఒక పండితుడు అడిగిన చిన్న ప్రశ్న

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. గాబ్రియేల్ లె బ్రా 1891లో బ్రిటనీ ప్రాంతంలో పెంపోల్ అనే చేపల రేవులో పుట్టాడు. పారిస్‌లో సంఘ ధర్మశాస్త్రం బోధించే ఆచార్యుడు, కేథలిక్ విశ్వాసి. 1931లో ఆయన ఒక చరిత్ర పత్రికలో వ్యాసం రాసి గురువులందరి ముందూ ఒక ప్రశ్న పెట్టాడు. ఫ్రాన్సు కేథలిక్ దేశమని అందరూ అంటున్నారు. దాదాపు అందరికీ బాప్తిస్మము అయింది. సరే, ఆదివారం పూజకు వచ్చేవారు ఎంతమంది? ఈస్టరుకు సంస్కారం తీసుకునేవారు ఎంతమంది? వారిలో మగవాళ్లు ఎందరు, ఆడవాళ్లు ఎందరు? ఒక ఊరి గుడి నిండి, పక్క ఊరి గుడి ఖాళీగా ఎందుకుంది? ఎప్పటి నుండి అలా ఉంది?

ఈ లెక్క తీయడానికి వాళ్లకు ఒక వీలు ఉంది. కేథలిక్కులు సంవత్సరానికి ఒక్కసారైనా పాపసంకీర్తనం చేసి, ఈస్టరు కాలంలో సంస్కారం తీసుకోవాలని 1215లో జరిగిన లాటరన్ మహాసభ నియమం పెట్టింది. అందుచేత ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు అని పాత గురువులు చాలాచోట్ల రాసిపెట్టారు. బిషప్పులు ఊళ్లు తిరిగినప్పుడు రాసిన కాగితాలు పెట్టెల్లో ఉండిపోయాయి. శతాబ్దాల సంగతి అందులో ఉంది. దాన్ని ఎవరూ తీసి చదవలేదు, అంతే.

లె బ్రా జనాన్ని కొన్ని గుంపులుగా చూశాడు. సంఘంతో ఏ సంబంధమూ లేనివారు కొందరు. బాప్తిస్మానికి, పెండ్లికి, భూస్థాపనకు మాత్రమే గుడిలోకి వచ్చేవారు కొందరు. ఆదివారం, ఈస్టరు తప్పకుండా పాటించేవారు కొందరు. అంతకు మించి ప్రార్థనలో, సేవలో ఉండేవారు బహు కొద్దిమంది. ఈ మాట చదివినప్పుడు నా కళ్ల ముందు మన సంఘమే కనబడింది. క్రిస్మస్ రోజున చోటు చాలక షామియానా వేస్తాం. తరువాతి ఆదివారానికి ఆ షామియానాతో పనే ఉండదు.

ఆయన చెప్పిన మాట ఇంకొకటి ఫ్రాన్సులో బాగా ప్రసిద్ధమైంది. బ్రిటనీ నుండి వచ్చే రైళ్లు పారిస్‌లో మోంపార్నాస్ స్టేషన్‌లో ఆగుతాయి. పల్లె నుండి వచ్చి పారిస్‌లో స్థిరపడే నూరుమందిలో తొంభైమంది దాకా ఆ స్టేషన్ దాటగానే గుడికి వెళ్లడం మానేస్తారని ఆయన అభిప్రాయం. ఊళ్లో వాళ్లు అబద్ధపు విశ్వాసులని ఆయన అనలేదు. అక్కడ ఊరంతా వెళ్తుంది గనుక వెళ్లారు. అమ్మ లేపింది, పక్కింటివాళ్లు పిలిచారు, గంట వినబడింది. పట్నంలో లేపేవారు లేరు, పిలిచేవారు లేరు, ఆదివారం అంటే నిద్రపోయే రోజు. విశ్వాసంలో ఎంత భాగం మనిషిది, ఎంత భాగం ఊరిది అన్నది ఆ స్టేషన్ దగ్గర బయటపడింది.

అలాగని పాత రోజులను ఆకాశానికి ఎత్తలేదు ఆయన. జనం క్రీస్తును విడిచిపోయారు అనే ముందు, వాళ్లు అసలు ఎప్పుడైనా క్రీస్తు దగ్గరకు వచ్చారా అని అడగాలన్నాడు. గుడులు నిండిన కాలంలో ఎంతమంది ప్రేమతో వచ్చారు, ఎంతమంది ఊరికి జడిసి వచ్చారు? ఆ ప్రశ్నకు ఏ లెక్కా జవాబు చెప్పదు. హృదయాలను పరిశోధించేవాడు దేవుడొక్కడే.

పటం చెప్పిన సంగతి

లె బ్రా అడిగిన లెక్కను ఊరూరా తీసే పనిలో ముందున్నవాడు ఫెర్నాన్ బూలార్ అనే గురువు. పల్లె యువకుల మధ్య సేవ చేసినవాడు. 1947లో ఆయన గ్రామీణ ఫ్రాన్సు మతపటాన్ని ప్రచురించాడు. పెద్దల్లో నూటికి 45 మందో అంతకంటే ఎక్కువో పూజకు, ఈస్టరు సంస్కారానికి వచ్చే ప్రాంతాలు ఒక రంగు. ఆచారం మిగిలి ఆసక్తి పోయిన ప్రాంతాలు ఒక రంగు. పిల్లల్లో నూటికి కనీసం 20 మందికి బాప్తిస్మమో బోధనో లేని ప్రాంతాలు మూడో రంగు. ఈ మూడో రకం ప్రాంతాలకు ఆయన పెట్టిన పేరు మిషన్ ప్రాంతాలు. ఇండియాకు, ఆఫ్రికాకు మిషనరీలను పంపిన దేశంలో మిషనరీలు అవసరమైన చోట్లు ఉన్నాయని పటం చూపించింది.

పడమట బ్రిటనీ, తూర్పున అల్సాస్ బలంగా కనబడ్డాయి. పారిస్ చుట్టుపక్కల పల్లెలు, మధ్య ఫ్రాన్సులోని లిమోజా ప్రాంతం బలహీనంగా కనబడ్డాయి. కారణాలు వెతికితే ఒక దారి 1791 దాకా వెళ్లింది. విప్లవ ప్రభుత్వం ఆ సంవత్సరం గురువులందరినీ కొత్త సంఘ చట్టానికి ప్రమాణం చేయమంది. కొందరు చేశారు, కొందరు నిరాకరించారు, సంఘం రెండుగా చీలింది. ఆ ప్రమాణాల లెక్కను పరిశోధించి టిమోతీ టాకెట్ అనే చరిత్రకారుడు 1986లో ఒక గ్రంథం ప్రచురించాడు. గురువులు ప్రమాణం నిరాకరించిన ప్రాంతాల పటాన్ని బూలార్ పటం పక్కన పెడితే రెండూ చాలావరకు కలుస్తాయి. నూట యాభై ఏండ్ల నాటి తేడా ఇంకా ఆదివారపు బల్లల మీద కనబడుతోందన్న మాట. సంఘంలో నేడు మనం పెట్టుకునే కొట్లాట మనవళ్ల కాలానికి ఎవరిని మందిరం బయట నిలబెడుతుందో అని ఇది చదివి నేను భయపడ్డాను.

లెక్క తీసి, లేచి వెళ్లినవారు

ఇదే కాలంలో పారిస్‌లో హెన్రీ గోదాన్ అనే యువ గురువు ఫ్యాక్టరీ పనివాళ్ల పిల్లల మధ్య సేవ చేస్తున్నాడు. 1943లో ఆయన, ఇవాన్ డానియేల్ అనే తోటి గురువు కలిసి ఒక పుస్తకం రాశారు. ఫ్రాన్సు మిషన్ దేశమా అన్నదే దాని పేరులోని ప్రశ్న. పారిస్ పేటల్లో పనివాళ్లకు గుడి అంటే పరాయి ఇల్లు. అక్కడి మాట వేరు, బట్ట వేరు, మర్యాద వేరు. పనివాడు ఒకడు మారుమనస్సు పొంది గుడికి వస్తే, అక్కడ ఇమడడానికి తన వాళ్లను, తన పేటను విడిచి రావలసి వస్తోంది. ఆ మనుషులు ఉన్నచోటనే, వాళ్ల మాటలోనే చిన్న సంఘాలు కట్టాలని వాళ్లు కోరారు. పారిస్ ఆర్చిబిషప్పు కార్డినల్ సుహార్ గారు వాళ్లు రాసినది చదివి కదిలిపోయి, పారిస్ పనివాళ్ల కోసమే ఒక మిషన్ మొదలుపెట్టించారు. గోదాన్ దాని ఫలం చూడలేదు. 1944 జనవరిలో ఒక రాత్రి గదిలోని పొయ్యి నుండి వచ్చిన విషవాయువుతో నిద్రలోనే ప్రభువు నొద్దకు వెళ్లిపోయాడు.

ఇంకొకాయన జాక్ లోవ్. ఒకప్పుడు నాస్తికుడు, లాయరు. తరువాత విశ్వాసంలోకి వచ్చి డొమినికన్ సభలో చేరాడు. మార్సెయ్ ఓడరేవు పనివాళ్ల స్థితిని పరిశోధించి రాయమని ఆయనకు పని అప్పగించారు. పుస్తకాలు, గణాంకాలు ముందేసుకుని కూర్చుంటే వాళ్లను గురించి తెలియదని ఆయనకు అర్థమైంది. పనివాళ్లు తొడుక్కునే నీలం బట్టలు కొనుక్కుని, 1941లో రేవులో హమాలీగా చేరి మూటలు మోశాడు. పరిశోధన పుస్తకమూ రాశాడు, కాని పనిలో చేరిన తరువాతనే.

ఇటువంటివారు 1950ల మొదట్లో సుమారు నూరుమంది అయ్యారు. గురువులు ఫ్యాక్టరీల్లో పనిచేయడం, యూనియన్లలో చేరడం రోమ్‌కు నచ్చలేదు. 1954లో మానివేయమని ఆజ్ఞ వచ్చింది. కొందరు లోబడ్డారు, కొందరు పనివాళ్లను విడవలేక సంఘాధికారాన్నే విడిచారు. రెండు వైపులా కన్నీళ్లే. రెండవ వాటికన్ మహాసభ ముగిసే 1965లో మళ్లీ అనుమతి దొరికింది. ఆ మహాసభ నేటి లోకాన్ని గురించి వెలువరించిన పత్రంలో, కాపరులు తమ సేవలో వేదాంతంతో పాటు మనస్తత్వశాస్త్రాన్నీ సమాజశాస్త్రాన్నీ వాడుకోవాలని రాశారు. దేవుణ్ణి తీసివేయడానికి పుట్టిన శాస్త్రం, తప్పిపోయినవారిని వెతకడానికి పనిముట్టు అయింది.

ఇక్కడ నిజం దాచకూడదు. లెక్కలు తీసినంత మాత్రాన జనం తిరిగి రాలేదు. గియోమ్ క్యూషే అనే చరిత్రకారుడు 2018లో బూలార్ పోగుచేసిన లెక్కలనే ఆధారం చేసుకుని, 1965 ప్రాంతం నుండి గుడికి వచ్చేవారు, ముఖ్యంగా యౌవనస్థులు, ఒక్కసారిగా తగ్గిపోయారని చూపించాడు. మందను లెక్కపెట్టడం వేరు, మందను పోషించడం వేరు.

దావీదు లెక్క, కాపరి లెక్క

బైబిలులో రెండు రకాల లెక్కలున్నాయి. 2 సమూయేలు 24లో దావీదు తన బలమెంతో చూసుకోవడానికి యోధులను లెక్కించాడు. దానికి దేవుడు శిక్ష విధించాడు. లూకా 15లో కాపరికి నూరు గొఱ్ఱెలున్నాయి, ఒకటి తప్పిపోయింది. తప్పిపోయిందని ఆయనకు ఎలా తెలిసింది? సాయంత్రం లెక్కపెట్టాడు గనుక తెలిసింది. తొంభై తొమ్మిది చూసి చాలులే అనుకోలేదు. తన మంద ఎలా ఉందో కాపరి జాగ్రత్తగా తెలుసుకోవాలని సామెతలు 27:23 కూడా చెబుతుంది. నేను ఏటా పైకి పంపే కాగితం దావీదు లెక్కకు దగ్గరగా ఉందని నాకు అనుమానం. ప్రభువు నన్ను క్షమించును గాక.

మన నేల మీద కూడా ఇటువంటి పని జరిగింది. పి. వై. లూక్, జాన్ కార్మన్ అనే ఇద్దరు దైవసేవకులు మెదక్ ప్రాంతపు పల్లె సంఘాలను పరిశీలించి రాసిన పుస్తకం 1968లో వచ్చింది. ఆరాధనకు వచ్చే విశ్వాసులే ఊరి పండుగల్లో, పాత ఆచారాల్లో ఎంతవరకు ఉన్నారో దాచకుండా రాశారు. ప్రేమించనివాడు రాసి ఉంటే అది నింద అయ్యేది. వాళ్లు సంఘం కోసం రాశారు.

కాబట్టి ఆ చెల్లికి నా జవాబు ఇది. అమ్మా, చదువు. ఎంతమంది వస్తున్నారు, ఎవరు రావడం లేదు, ఎప్పటి నుండి, ఏ ఇబ్బంది వలన అని ఆ శాస్త్రం చెబుతుంది, అది నేర్చుకుని వచ్చి నాకూ చెప్పు. దేవుడు ఉన్నాడా లేడా అని చెప్పబోతే మాత్రం అది తన గట్టు దాటిందని తెలుసుకో. గంట వినబడితే గుడికి వచ్చేది ఊరి అలవాటు అని అది అంటే కోపం తెచ్చుకోకు. సగం నిజమే. మిగతా సగం నీ మోకాళ్ల ప్రార్థనకు తెలుసు.

ఇక మీకు ఒక మాట. ఈ పేజీ చదివేవారిలో చాలామంది ఇప్పుడు మన ఊళ్లో లేరని నాకు తెలుసు. హైదరాబాదులో, బెంగళూరులో, గల్ఫ్‌లో ఉన్నారు. మీ పేరు ఇంకా మన రిజిస్టరులో ఉంది. బస్సు దిగిన తరువాత మీ ఆదివారాలు ఏమయ్యాయి? మీరు దిగిన చోట మిమ్మల్ని పిలిచిన సంఘం ఒకటైనా ఉందా? లేకపోతే ఆ తప్పు మీ ఒక్కరిదే అనను. పంపించేటప్పుడు ప్రార్థన చేసి పంపాం గాని, తరువాత ఒక్కసారైనా ఫోన్ చేసి అడిగామా?

ఈసారి పైకి పంపే కాగితానికి ముందు నేను ఇంకొక లెక్క రాయబోతున్నాను. ఒక్కొక్క పేరు ఎదుట ఆ మనిషి ఎక్కడ ఉన్నాడు, ఎలా ఉన్నాడు అని రాస్తాను. వారానికి పది పేర్లు. తెలియని నంబరు నుండి ఫోన్ వస్తే కానుక కోసమని భయపడకండి. మీ పేరు దగ్గరకు వచ్చానని అర్థం.

మంచి కాపరి తన గొఱ్ఱెలను పేరు పెట్టి పిలుస్తాడని యోహాను 10లో చదువుతున్నాం. ఆయన మీ పేరు మరచిపోలేదు. నేను మరచిపోకుండా ఉండేలా నా కోసం ప్రార్థించండి.

ప్రభువు కృప మీకందరికి తోడై యుండును గాక. ఆమేన్.

మీ సంఘ కాపరి